ఓసులో ఐదు స్టార్ల దగ్గర ఆగిపోయాను, స్ట్రీమ్‌లు అందడం లేదు

నిద్రమత్తు
ఓసు ఆడుతున్నాను, అదే, పాట తాళానికి తెర మీది వలయాలను కొట్టే కంప్యూటర్ ఆట, కీబోర్డూ మౌసూతో, మామూలు మోడ్‌లోనే. నాలుగు స్టార్ల కష్టం ఉన్న మ్యాపులు (ఒక్కో పాటకు తయారైన లెవెళ్లు) హాయిగా పూర్తవుతున్నాయి, కొన్నింటిలో ఒక్క మిస్సూ లేకుండా ఫుల్ కాంబో కూడా వస్తోంది. ఐదు దాటగానే అడుగు ముందుకు పడటం లేదు. జంపులు, అంటే దూరదూరంగా వచ్చే నోట్లు, ఎలాగోలా అందుకుంటాను. 180 బీపీఎం (నిమిషానికి 180 బీట్లు) పాటలో స్ట్రీమ్, అంటే ఆగకుండా వరసగా వచ్చే నోట్ల బారు, వచ్చిందంటే అంతే సంగతులు. మొదటి నాలుగైదు నోట్లు బాగానే పడతాయి, తర్వాత వరసగా వందలు (సమయం కాస్త తప్పితే 300కు బదులు వచ్చే పాయింట్లు), ఆపైన మిస్సులు, ఆట సమాప్తం. పోనీ వేళ్లలో వేగం లేదనుకుందామా అంటే, పాట లేకుండా ఊరికే కొట్టి చూస్తే 190 దాకా వెళ్తున్నాను. మరి పాటలో ఎందుకు రాదు? కొంతకాలంగా ఒకే మ్యాప్ పట్టుకుని కూర్చున్నాను. మా అమ్మకు ఆ జపనీస్ పాట కంఠతా వచ్చేసింది, నాకు మాత్రం చేతికి రాలేదు.

కందిరీగ
ఐదు రావడం లేదా? ఆరు ఆడండి. ఆరులో ఓడగా ఓడగా ఐదు నెమ్మదిగా కనిపిస్తుంది. ఇంతకు మించి రహస్యం ఏమీ లేదు.

గోంగూరపచ్చడి
ఈ లెక్కన పదో తరగతి తప్పినవాడు నేరుగా ఇంజనీరింగులో చేరాలి.

కందిరీగ
చేరితే ఫీజు కట్టించుకునే కాలేజీలు లేవంటారా?

చెవిటిమేళం
మిగతా సలహాల కంటే ముందు ఒక ప్రశ్న. ఇయర్‌ఫోన్లు వైరువా, బ్లూటూతా?

నిద్రమత్తు
వైరువే. మానిటర్ మాత్రం 60 హెర్ట్జ్‌ది, పాతది.

చెవిటిమేళం
అయితే సగం బెంగ తీరింది. మామూలు బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో శబ్దం 100 మిల్లీసెకన్లకు పైనే ఆలస్యంగా చేరుతుంది, దానితో ఏ రిథమ్ గేమూ ఆడలేం. 60 హెర్ట్జ్ మానిటర్ 16.7 మిల్లీసెకన్లకు ఒకసారి బొమ్మ మారుస్తుంది. 144ది ఉంటే మంచిదే, కానీ మీ స్ట్రీమ్ కూలిపోవడానికి కారణం అది కాదు. మానిటర్‌ను సాకుగా వాడుకునేవాళ్లు ఇక్కడ ఇద్దరున్నారు, పేర్లు చెప్పను.

గోంగూరపచ్చడి
నా పేరు చెప్పుకోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు.

పాతకీబోర్డు
నిద్రమత్తు గారూ, మీ ప్రశ్నలోనే జవాబు ఉంది. ఊరికే కొడితే 190 వస్తోంది, పాటలో 180 రావడం లేదు. కాబట్టి వేళ్లకు వేగం ఉంది, పాటతో పొత్తు కుదరడం లేదు.

లెక్క వేసి చూద్దాం. 180 బీపీఎంలో బీటుకు నాలుగు చొప్పున స్ట్రీమ్ వస్తే నోటుకూ నోటుకూ మధ్య ఎడం 83 మిల్లీసెకన్లు. మీరు కంగారుపడి 190లో కొడితే అది 79. అంటే ప్రతి నోటుకూ నాలుగు మిల్లీసెకన్లకు పైగా పాటకంటే ముందుకు జరిగిపోతున్నారు. మ్యాప్ ఓడీ (దెబ్బ ఎంత కచ్చితంగా పడాలో చెప్పే అంకె) 8 అనుకుంటే, 300 పడాలంటే అసలు సమయానికి అటూ ఇటూ 32 మిల్లీసెకన్ల లోపు కొట్టాలి. ఎనిమిది నోట్లు దాటేసరికి ఆ 32 కాస్తా ఖర్చయిపోతుంది. మొదటి నాలుగైదు బాగానే పడి తర్వాత వందలు వస్తున్నాయని మీరు చెప్పింది ఈ లెక్కకు దాదాపు సరిపోతోంది.

అయినా నా మాట నమ్మనక్కర్లేదు, ఆటే చెబుతుంది. సెట్టింగుల్లో హిట్ ఎర్రర్ మీటర్ పెట్టుకోండి. తెర అడుగున చిన్న పట్టీ వస్తుంది. మీరు కొట్టిన ప్రతిసారీ దాని మీద ఒక గీత పడుతుంది. మధ్యకు ఎడమవైపు పడితే తొందర, కుడివైపు పడితే ఆలస్యం. స్ట్రీమ్ మొదట్లో గీతలు మధ్యలో ఉండి పోను పోను ఎడమకు జరిగితే వేళ్లు పరుగెడుతున్నాయి. కుడికి జరిగితే వేళ్లు అలసిపోతున్నాయి. పాట మొదలు నుంచి చివరి వరకు అన్నీ ఒకే పక్కన ఉంటే తప్పు మీది కాదు, ఆఫ్‌సెట్ (పాటకూ ఆటకూ మధ్య సమయం సర్దుబాటు) సరిచేసుకోవాలి. ఈ మూడు జబ్బులకూ మూడు వేర్వేరు మందులు. ఏది ఉందో చూడకుండా ఆరు స్టార్లు ఆడమనడం, చదువు రాకపోతే పెద్ద పుస్తకం కొనుక్కోమన్నట్టు ఉంటుంది.

కందిరీగ
నన్నేనా?

పాతకీబోర్డు
వేరే ఎవరూ ఆ సలహా ఇవ్వలేదు.

తకధిమి
నేను ఓసు తక్కువే ఆడతాను, మృదంగం మాత్రం చిన్నప్పటి నుంచి వాయిస్తున్నాను. పాతకీబోర్డు గారు చెప్పిన పరుగు సమస్య మాకు మొదటి రోజు నుంచే ఎదురయ్యేది. ఒకే పాఠాన్ని మూడు కాలాల్లో వాయించాలి. మొదటి కాలంలో తాళానికి ఒకటి, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. చేతివేగం మారుతుంది, తాళం మాత్రం కదలకూడదు. కొత్తవాళ్లందరూ మూడో కాలంలోకి వెళ్లగానే తాళాన్ని కూడా తమతో పాటు లాక్కుపోతారు.

స్ట్రీమ్‌లో ప్రతి నోటునూ వినాలని చూడకండి, కుదరదు. నాలుగేసి నోట్లను ఒక గుంపుగా తీసుకుని మొదటిదాన్నే పట్టుకోండి. నోటితో తకధిమి తకధిమి అంటూ కొట్టండి, గట్టిగా అనడానికి సిగ్గయితే మనసులో. ప్రతి 'త' దగ్గరా పాటలో డ్రమ్ము వినబడాలి. ఆ ఒక్కటీ తాళం మీద పడితే మిగతా మూడూ సర్దుకుంటాయి. 'త' ముందే వచ్చేసిందని చెవికి తెలిసిన క్షణంలో వేళ్లు వాటంతట అవే తగ్గుతాయి. కళ్లతో వలయం మూసుకోవడం చూసి తగ్గించుకుందామంటే ఆ వేగంలో అందదు.

ఇంకొకటి. రెండు వేళ్లు మార్చి మార్చి కొడితే నాలుగేసి గుంపుల్లో 'త' ఎప్పుడూ ఒకే వేలికి వస్తుంది. తిశ్ర నడక పాట వచ్చిందనుకోండి, తకిట తకిట అని మూడేసి నోట్లు పడతాయి. అప్పుడు 'త' ఒకసారి చూపుడు వేలికి, మరుసటిసారి మధ్య వేలికి వెళ్తుంది. చాలామంది అక్కడ దొర్లిపోయేది అందుకే. వేళ్లు సరిగ్గానే కొడుతుంటాయి, బరువైన దెబ్బ ఏ వేలిదో తెలియక మనసు తికమకపడుతుంది. అలాంటి మ్యాప్ ఆడే ముందు బల్ల మీద తకిట తకిట అని బలహీనమైన వేలితో మొదలుపెట్టి కాసేపు కొట్టుకోండి.

గోంగూరపచ్చడి
మా ఇంట్లో బల్ల మీద దరువేస్తే కంచం పెట్టేస్తారు, ఆకలేస్తోందని.

నిద్రమత్తు
తకధిమి గారు చెప్పింది ఇప్పుడే బల్ల మీద చేసి చూశాను. మధ్య వేలితో మొదలుపెడితే నిజంగానే వేరే మనిషి చెయ్యిలా ఉంది. ఎర్రర్ మీటర్ రాత్రికి చూసి చెబుతాను.

కందిరీగ
సంగీత కచేరీ బాగుంది కానీ, ఇప్పుడు అందరూ హాఫ్ టైమ్ పెట్టుకుని నెమ్మదిగా ఆడమంటారు చూడండి. అదే నాకు నచ్చని సలహా. హాఫ్ టైమ్ అంటే 0.75 రెట్ల వేగం. 180 పాట 135 అవుతుంది. బాగానే ఉంది. కానీ దానితో పాటు వలయాలు తెర మీద ఉండే సమయం కూడా పెరుగుతుంది. ఏఆర్ (వలయం ఎంత ముందుగా కనిపించాలో చెప్పే అంకె) 9 అయితే ఒక వలయం 600 మిల్లీసెకన్లు కనిపిస్తుంది, హాఫ్ టైమ్‌లో 800. ఒకేసారి ఎక్కువ వలయాలు పోగుపడి ఏది ముందో ఏది వెనకో తెలియదు. చదవడం ఇంకా కష్టం. నెమ్మదిగా ఆడితే సులువు అన్నవాళ్లు ఒకసారి నిజంగా ఆడి చూడండి.

పాతకీబోర్డు
ఈ మాటలో పాయింటు ఉంది, ఒప్పుకుంటాను. అందుకే నేను హాఫ్ టైమ్ చెప్పలేదు, చెప్పేది వేరే. 150 నుంచి 165 బీపీఎం మధ్య నిజంగా ఆ వేగంలోనే తయారైన స్ట్రీమ్ మ్యాపులు బోలెడు ఉన్నాయి. వాటి ఏఆర్ వాటికి తగ్గట్టే ఉంటుంది. ఓసు కొత్త వెర్షన్ లేజర్‌లో అయితే హాఫ్ టైమ్ వేగాన్ని మనమే ఎంచుకోవచ్చు. 0.9 పెడితే 180 పాట 162 అవుతుంది, 600 మిల్లీసెకన్లు 667 అవుతాయి, చదవడానికి పెద్ద తేడా తెలియదు. అక్కడ తొంభై ఎనిమిది శాతం కచ్చితత్వం వస్తే 0.95కి వెళ్లండి.

చాలామంది 160ని దాటేసి వచ్చేశామనుకుంటారు. నిజానికి దాన్ని పూర్తి చేసి ఉంటారు, దాని మీద అదుపు సంపాదించి ఉండరు. 190 కొట్టగలిగినవాడికి 160లో నిలకడగా కొట్టడం 180 కంటే కష్టం. వేళ్లు ఆగమంటే ఆగవు.

కందిరీగ
నేను ఆరు ఆడే నేర్చుకున్నాను. ఆగమంటే ఆగుతాయి.

పాతకీబోర్డు
మీ అన్‌స్టేబుల్ రేటు ఎంత?

కందిరీగ
అది వ్యక్తిగతం.

గోంగూరపచ్చడి
జీతం, వయసు, అన్‌స్టేబుల్ రేటు అడగకూడదండీ.

చెవిటిమేళం
తెలియనివాళ్ల కోసం: అన్‌స్టేబుల్ రేటు అంటే మన దెబ్బలు ఎంత చెదురుమదురుగా పడుతున్నాయో చెప్పే అంకె. మిల్లీసెకన్లలో ప్రామాణిక విచలనాన్ని పదితో గుణిస్తే వచ్చేది. 100 ఉంటే చెదురు పది మిల్లీసెకన్లు. ఆట అయ్యాక ఫలితాల తెర మీద చూడవచ్చు. కందిరీగ గారిది మూడంకెల్లో బాగా పైన ఉంటుందని నా అనుమానం.

మూడోమెట్టు
ఓసు సంగతి తెలియదు, నేను జామెట్రీ డాష్ మనిషిని, పాటకు తగ్గట్టు అడ్డంకులు దూకే ఆట అది. అక్కడ కొత్తవాళ్లందరూ చేసేది ఒకటుంది, ఇక్కడా పనికొస్తుందని చెబుతున్నాను. లెవెల్ మొదటి నుంచి ఆడటం, చావడం, మళ్లీ మొదటి నుంచి. ఇలా చేస్తే మొదటి అరవై శాతం కళ్లు మూసుకుని ఆడగలుగుతాం, అరవై ఒకటి దగ్గర ఎప్పుడూ కొత్తవాళ్లమే. పైగా అక్కడికి చేరేటప్పటికి గుండె దడ. తెలియని చోటు, దానికి తోడు వణుకుతున్న బొటనవేలు.

అందుకని వెనక నుంచి నేర్చుకోవాలి. చివరి ఇరవై శాతం ముందు. అది పది సార్లకు ఎనిమిది సార్లు వచ్చాక దాని ముందు ముక్క కలుపుకోవాలి. ఎడిటర్‌లో లెవెల్‌ను కాపీ చేసుకుని మధ్యలో స్టార్ట్ పొజిషన్ పెడితే కావలసిన చోటి నుంచి మొదలుపెట్టవచ్చు. ఇలా చేస్తే అసలు ఆటలో ముందుకు పోయేకొద్దీ బాగా తెలిసిన చోటులోకి వెళ్తుంటాం. ప్రాక్టీస్ మోడ్ చెక్‌పాయింట్లు కూడా ఉన్నాయి కానీ, సెట్టింగులు మార్చకపోతే అందులో లెవెల్ పాట కాకుండా వేరే సంగీతం వస్తుంది. చూపుతో నేర్చుకుంటాం, చెవికి ఏమీ ఎక్కదు. అసలు ఆటలో పాట మారగానే చెయ్యి తడబడుతుంది.

తకధిమి
పాట మారితే చెయ్యి తడబడటం అంటే ఆ చెయ్యి పాట వింటోందన్నమాట. అది మంచి సంగతే.

నిద్రమత్తు
ఓసులో మధ్య నుంచి మొదలుపెట్టడానికి వీలుందా?

పాతకీబోర్డు
ఎడిటర్‌లో మ్యాప్ తెరిచి కావలసిన చోట టెస్ట్ మోడ్ నొక్కితే అక్కడి నుంచి ఆడవచ్చు. లేదంటే నో ఫెయిల్ పెట్టుకోండి, ఎన్ని మిస్సులైనా పాట చివరిదాకా సాగుతుంది. దుకాణం మధ్యలో మూసేసి ప్రతిసారీ మొదటి నుంచి తెరిచే అలవాటు మానుకోవాలి.

కందిరీగ
నో ఫెయిల్‌తో ఆడేవాళ్లకు నిర్లక్ష్యం అలవాటవుతుంది. చావు భయం ఉండాలి.

మూడోమెట్టు
చావు భయం జామెట్రీ డాష్‌లో కావలసినంత ఉంది, వచ్చి తీసుకుపొండి.

బోస్టన్_బాబాయి
వయసు మళ్లినవాడి అనుభవం కూడా వినండి. పిల్లలు కొనిపించిన వీఆర్ హెడ్‌సెట్‌లో బీట్ సేబర్ ఆడతాను, పాటకు తగ్గట్టు ఎదురొచ్చే దిమ్మల్ని కత్తులతో కోసే ఆట. ఎక్స్‌పర్ట్ స్థాయి బాగానే వస్తుంది, ఎక్స్‌పర్ట్ ప్లస్ అనేసరికి చేతులు గాలిలో గిలకలు. చేతివేగం చాలదనుకుని భుజాలు నొప్పి పుట్టేలా ఊపేవాడిని. మా అబ్బాయి పక్కన నిలబడి చూసి ఒకటే అన్నాడు: "నాన్నా, దగ్గరికొచ్చిన దిమ్మను చూస్తున్నావు, దాని వెనకదాన్ని చూడు." చూపు దూరం జరిపాక అదే లెవెల్ సగం నెమ్మదించినట్టు అయింది. అందులో ప్రతి కోతా తర్వాతి కోతకు చేతిని సిద్ధం చేస్తుంది. పైనుంచి కిందికి కోస్తే చెయ్యి కిందే ఉంటుంది, తర్వాతది కింది నుంచి పైకి. దిమ్మల్ని విడివిడిగా చూస్తే ఆ వరస కనిపించదు.

స్కోరు పిచ్చి ఉన్నవాళ్లకు: ఒక దిమ్మకు మొత్తం 115. కోతకు ముందు చెయ్యి 100 డిగ్రీలు తిరిగితే 70, కోశాక ఇంకో 60 డిగ్రీలు సాగితే 30, సరిగ్గా నడిమధ్య కోస్తే 15. ఎంత గట్టిగా కొట్టామన్నదానికి సున్నా.

సీలింగుఫ్యాను
గుంటూరులో బీట్ సేబర్ ఆడేవారికి హెచ్చరిక: చెయ్యి 100 డిగ్రీలు పైకి తిప్పే ముందు నా పేరు ఒకసారి తలచుకోండి. మేలో ఫ్యాను ఆపి ఎక్స్‌పర్ట్ ప్లస్ ఆడటం కంటే ఓసు నయం.

వేలినొప్పి
ఎవరూ అనలేదు కాబట్టి నేనంటాను. స్ట్రీమ్ రాగానే ముంజేయి రాయిలా బిగుసుకుంటోందేమో చూసుకోండి నిద్రమత్తు గారూ. బిగిస్తే కాసేపు వేగం వస్తుంది, తర్వాత వేళ్లు మొరాయిస్తాయి. కీని అడుగుదాకా గుద్దనక్కర్లేదు, నమోదయ్యేంత నొక్కితే చాలు. నేను మణికట్టు బల్ల అంచుకు ఆనించి ఆడేదాన్ని, అది మానేసి ముంజేయి మొత్తం బల్ల మీద పరిచాక తేడా తెలిసింది. నొప్పి వస్తుంటే ఇంకొక్క ఆట అనుకోవద్దు. అలసట వేరు, నొప్పి వేరు. జిల్లుమన్నా తిమ్మిరెక్కినా ఆ పూటకు ఆట కట్టేయాలి, తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి.

గోంగూరపచ్చడి
ఆ కొత్త అయస్కాంతాల కీబోర్డు కొంటే ఇవేవీ ఉండవట కదా? నొక్కీ నొక్కకముందే నమోదవుతుందట.

పాతకీబోర్డు
ఆ అయస్కాంతాల కీబోర్డులో (హాల్ ఎఫెక్ట్ అంటారు) కీ కాస్త పైకి లేవగానే మళ్లీ నొక్కవచ్చు, కాబట్టి వేలికి శ్రమ తగ్గుతుంది. ఆ మాట నిజం. కానీ 190లో పరుగెత్తే వేలు దాని మీద 200లో పరుగెత్తుతుంది. నా పేరు చూసి అసూయ అనుకోకండి.

ఫోన్‌వీరుడు
మేం ఫోనులోనే ఆడతాం, మాకేమీ లేదా? చెమటకు బొటనవేలు తెర మీద జారదు, పట్టేస్తుంది. మాది విశాఖ.

చెవిటిమేళం
బీజీఎంఐ లాంటి ఫోన్ ఆటలు ఆడేవాళ్లు వేసుకునే వేలి తొడుగులు తెచ్చుకోండి, ఫోన్ల దుకాణాల్లో కూడా దొరుకుతాయి. ఫోనును చేత్తో పట్టుకోకుండా బల్ల మీద పెట్టి రెండు చూపుడు వేళ్లతో ఆడి చూడండి, బొటనవేళ్ల కంటే చురుకు. ముందుగా ఆటలో ఉండే ఆఫ్‌సెట్ పరీక్ష తప్పకుండా చేయండి. ఫోనుకూ ఫోనుకూ శబ్దం ఆలస్యం మారుతుంది, స్నేహితుడి అంకె మీకు పనికిరాదు.

నిద్రమత్తు
మీటర్ చూశాను. పాతకీబోర్డు గారి జోస్యం ఫలించింది: గీతలు మధ్యలో మొదలై చీమల బారులా ఎడమకు పోతున్నాయి. అన్‌స్టేబుల్ రేటు 170 పైన. జంపుల దగ్గర మధ్యలోనే ఉన్నాయి, కాబట్టి ఆఫ్‌సెట్ గొడవ లేదు. 160 మ్యాపులు మొదలుపెట్టాను. అవమానంగా ఉంది, అందులోనూ వందలే.

పాతకీబోర్డు
అవమానం ఏమీ లేదు, అసలు పని మొదలైంది. వెనక బొమ్మ పూర్తిగా నల్లగా చేసేయండి, వీడియో ఆపేయండి. హిట్ శబ్దాలు పాటకంటే కొంచెం పెంచండి. మీ దెబ్బకూ డ్రమ్ముకూ మధ్య సందు చెవికి వినబడాలి.

తకధిమి
రాత్రి బాగా పొద్దుపోయేదాకా దాని మీదే కూర్చోవద్దు. అరగంట ఆడి పడుకోండి. రాత్రి రాని జతి పొద్దున్నే చేతికి వచ్చేయడం మాకు మామూలే. వేళ్ల వరసలు నిద్రలో కుదురుకుంటాయని శాస్త్రజ్ఞులు కూడా చెబుతారు.

గోంగూరపచ్చడి
ఆయన పేరే నిద్రమత్తు. ఈ లెక్కన ఇప్పటికి ప్రపంచ ఛాంపియన్ అయి ఉండాలి.

నిద్రమత్తు
వారం తర్వాత సంగతి. 160లో గీతలు మధ్యకు వచ్చాయి, అన్‌స్టేబుల్ రేటు 120 దరిదాపుల్లో ఉంది. 'త' పట్టుకోవడం పనిచేస్తోంది, గట్టిగా అంటున్నాను కూడా. తలుపు వేసుకోమన్నారు. ఆ పాత 180 మ్యాప్ పూర్తయింది, కాంబో మాత్రం మూడు చోట్ల తెగింది. కొత్త తమాషా ఏమిటంటే చివరి పొడవైన స్ట్రీమ్‌లో గీతలు ఇప్పుడు కుడికి పోతున్నాయి.

కందిరీగ
చూశారా! ఇప్పుడు వేగమూ దమ్మూ చాలడం లేదు. ఇక 190, 200 మ్యాపులు ఆడాల్సిందే. నా మాటకే వచ్చారు.

పాతకీబోర్డు
ఇప్పుడు ఆడవచ్చు, ఈసారి నేనూ అదే అంటాను. రోజూ మొదట్లో వేళ్లు తాజాగా ఉన్నప్పుడు రెండు మూడు వేగం మ్యాపులు, తర్వాత 165 పొడవు స్ట్రీమ్‌లు. వరస తిప్పవద్దు, అలిసిన వేళ్లతో వేగం ఆడితే మళ్లీ పరుగే అలవాటవుతుంది. వేలినొప్పి గారు చెప్పిన ముంజేయి సంగతి ఆ చివరి స్ట్రీమ్‌లో గమనించండి.

కందిరీగ
మొదటి పోస్టులో నేను ఇదే చెప్పాను.

చెవిటిమేళం
అన్‌స్టేబుల్ రేటు చెబితే ఒప్పుకుంటాం.

ఫోన్‌వీరుడు
తొడుగులు వచ్చాయి, జారుడు బాగుంది. ఇంకో సందేహం, ఓసులోనే తైకో మోడ్ (ఎరుపు, నీలం నోట్లను డోలులా కొట్టేది) మొదలుపెట్టాను. ఎరుపు, నీలం కలిపి వస్తే ఒక చేత్తో ఒక రంగు కొట్టాలా, రెండు చేతులూ మార్చాలా?

తకధిమి
మార్చాలి. రంగు ఏదైనా చేతులు కుడి ఎడమ కుడి ఎడమగానే పోవాలి, ఏ వేలు పడాలన్నదే రంగు నిర్ణయిస్తుంది. ఒక చేతికి ఒక రంగు అని అలవాటైతే నాలుగు ఎరుపులు వరసగా వచ్చినప్పుడు ఒకే చెయ్యి చచ్చిపోతుంది. మొదట రెండు ఎరుపులు, ఒక నీలం, ఒక ఎరుపు ఉన్న గుంపును నెమ్మదిగా కుడిచేత్తో మొదలుపెట్టి కొట్టండి, తర్వాత అదే ఎడమచేత్తో.